డిగ్రీ చదవాలా, ఉచిత ఆన్‌లైన్ కోర్సులు సరిపోతాయా? గోదావరి డెల్టా విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కళాశాలలు తెరిచేదాకా అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నర్సాపురం వైపు చాలా ఇళ్లలో ఇదే చర్చ. నేను కోనసీమలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. విద్యార్థులను ఆన్‌లైన్ కోర్సుల్లో చేర్పించి, పరీక్ష రాయించే పని కూడా నాకే అప్పగించారు. అందువల్ల డిగ్రీ దండగ అనేవారూ, ఆన్‌లైన్ చదువు ఒక చదువా అనేవారూ ఇద్దరూ నా దగ్గరికే వస్తారు. ఈ జవాబుల్లో నా అభిప్రాయాలను దాచుకోలేదు.

ఉచిత ఆన్‌లైన్ కోర్సు అంటే ఏమిటి? యూట్యూబ్‌లో పాఠాలు వినడం కూడా అదేనా?

కాదు. యూట్యూబ్‌లో వినడం వరకే మన పని. కోర్సుకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. వారం వారం అసైన్‌మెంటు, దానికి గడువు, సందేహం అడిగే చోటు, చివరికి పరీక్ష ఉంటాయి.

మన దేశంలో ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్‌ను మొదలుపెట్టాయి. తొలి రోజుల్లో అది వీడియో పాఠాల భాండాగారం మాత్రమే. 2014 నుంచి పరీక్ష, సర్టిఫికెట్ ఉన్న కోర్సులు వచ్చాయి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' వేదికను ప్రారంభించింది. ఎన్‌పీటీఈఎల్ కోర్సులతో పాటు కామర్స్, చరిత్ర, మనోవిజ్ఞానం వంటి డిగ్రీ సబ్జెక్టులూ అందులో దొరుకుతాయి.

అమెరికాలో 2011లో స్టాన్‌ఫర్డ్ అధ్యాపకులు కృత్రిమ మేధ కోర్సును ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. మరుసటి ఏడాదే యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు పుట్టాయి. ఇక విశ్వవిద్యాలయాలకు తాళాలు పడతాయని అప్పట్లో జోస్యం చెప్పినవారు ఉన్నారు. రాజమహేంద్రవరంలో 1853లో పాఠశాలగా మొదలైన ప్రభుత్వ కళాశాలకు ఇప్పటికీ దరఖాస్తులు వస్తూనే ఉన్నాయి.

ఉచితం అంటున్నారు కదా, మరి మధ్యలో డబ్బు ఎందుకు అడుగుతారు?

నేర్చుకోవడం ఉచితం, నేర్చుకున్నట్టు కాగితం కావాలంటే రుసుము. చాలా వేదికల పద్ధతి ఇదే. ఎన్‌పీటీఈఎల్‌లో చేరడానికి, పాఠాలకు, అసైన్‌మెంట్లకు రూపాయి కట్టనక్కరలేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష రుసుము కట్టాలి. కొన్నేళ్లుగా అది ఒక్కో కోర్సుకు 1000 రూపాయలు. పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి, దానికి వేరే గడువు ఉంటుంది. కోర్సులో చేరడమే పరీక్షకు నమోదు అనుకుని గడువు దాటించుకునే పిల్లలు ప్రతి సెమిస్టర్‌లోనూ ఉంటారు.

విదేశీ వేదికల్లో సర్టిఫికెట్ ఖరీదు వేలల్లో ఉండవచ్చు. కోర్సెరాలో ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. హార్వర్డ్ వారి కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50 వంటి ఒకటి రెండు మంచి కోర్సులు సర్టిఫికెట్‌ను కూడా ఉచితంగానే ఇస్తాయి.

డిగ్రీ మానేసి ఈ కోర్సులే చేస్తే సరిపోదా? మూడేళ్లు, నాలుగేళ్లు ఎందుకు?

ఈ ప్రశ్న వేసిన విద్యార్థిని నేను తిరిగి ఒకటి అడుగుతాను: నీ కాగితం రేపు ఎవరు చూస్తారు?

గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్, బ్యాంకు పీవో. వీటిలో దేనికైనా గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం డిగ్రీ ఉండాలి. గోడ నిండా కోర్సు సర్టిఫికెట్లు ఉన్నా దరఖాస్తు ఫారంలో వాటిని నింపడానికి గడి కూడా ఉండదు. ఉపాధ్యాయ ఉద్యోగానికి బీఈడీయో డీఎడ్డో కావాలి. మందుల దుకాణం పెట్టాలంటే ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదైన ఫార్మసిస్టు ఉండాలి, ఆ నమోదుకు ఫార్మసీ చదువు ఉండాలి. నర్సు, న్యాయవాది, వైద్యుడు, ఎవరి సంగతైనా ఇంతే. ఇవి చట్టం పెట్టిన గేట్లు. ఎంత తెలివి ఉన్నా కాగితం లేనిదే తెరుచుకోవు.

చట్టం అడగని పనులు కూడా ఉన్నాయి. వెబ్‌సైట్లు కట్టడం, వీడియో ఎడిటింగ్, డిజైన్, ఒక దుకాణం లెక్కలు చూడడం, సొంత వ్యాపారం. వీటిలో చేసి చూపించినదే లెక్క. 2020లో గూగుల్ తన కెరీర్ సర్టిఫికెట్లను సంబంధిత ఉద్యోగాల్లో నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా చూస్తామని ప్రకటించింది. ఆ వార్తను ఫోనులో చూపించి 'మేష్టారూ, ఇక డిగ్రీ ఎందుకు' అని అడిగిన పిల్లలు ఉన్నారు. ఒక కంపెనీ తన నియామకాల గురించి చెప్పిన మాట అది. మన దగ్గర ప్రాంగణ నియామకాలకు వచ్చే చాలా కంపెనీలు ఇప్పటికీ పదో తరగతి మార్కుల నుంచి అడుగుతున్నాయి.

డబ్బు సంగతి కూడా చూడాలి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీకామ్, బీఎస్సీ ఖర్చు తక్కువ. అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఇంత చవకగా దొరికే డిగ్రీని మానేసి మిగుల్చుకునేది ఏమీ లేదు. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి, కౌలు సొమ్ముకు తోడు అప్పు తెచ్చి, పేరు తెలియని కళాశాలలో ఇష్టం లేని బ్రాంచి చదవడం వేరే సంగతి. అక్కడ మాత్రం నేను తల్లిదండ్రుల పక్షాన మాట్లాడను. అదే పిల్లవాడు ఊరికి దగ్గరలో మామూలు బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతూ, ఏడాదికి రెండు మంచి కోర్సులు పరీక్ష రాసి పాసైతే అప్పు లేకుండా అంతకంటే ఎక్కువ నేర్చుకుంటాడు.

కంపెనీలు నిజంగా ఈ సర్టిఫికెట్లు చూస్తాయా?

సర్టిఫికెట్‌ను చూస్తాయి, కానీ దాన్ని చూసి ఉద్యోగం ఇవ్వవు. ఇంటర్వ్యూలో ఆ సబ్జెక్టు మీద ఒక ప్రశ్న వేయడానికి అది వారికి ఆధారం, అంతే. 'పైథాన్ ప్రోగ్రామింగ్ చేశావా? అయితే ఈ చిన్న సమస్య రాయి' అంటారు. రాయలేకపోతే సర్టిఫికెట్ ఉన్నందుకు లేనిదానికంటే ఎక్కువ నష్టం.

సర్టిఫికెట్లన్నిటికీ ఒకే విలువ లేదు. ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. పన్నెండు వారాల కోర్సులో ఎక్కువ మార్కులు వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. పరీక్ష కేంద్రానికి వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి, పర్యవేక్షణలో రాయాలి. 60 నుంచి 'ఎలీట్', 76 నుంచి వెండి, 90 నుంచి బంగారు గుర్తింపు. ఇది చదివితేనే వచ్చే కాగితం. వీడియో చివరిదాకా జరిపితే వచ్చేసే సర్టిఫికెట్‌ను దీని పక్కన పెట్టి చూడకండి.

రెజ్యూమేలో పది కోర్సులు రాసే అలవాటు మానుకోవాలి. రెండు రాసి, వాటితో ఏమి తయారు చేశారో ఒక్కో వాక్యం జోడించండి. కడియం నర్సరీ ఒకదానికి మొక్కల నిల్వ లెక్క చూసుకునే చిన్న ప్రోగ్రాం రాశానని చెప్పిన విద్యార్థి గురించి ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది. 'పది సర్టిఫికెట్లు పొందాను' అన్నవారిని ఏమి అడగాలో తోచదు.

కళాశాలలో చదువుతూనే ఈ కోర్సుల మార్కులను డిగ్రీలో కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు. విద్యార్థులకు తెలియక వదిలేస్తున్న అవకాశాల్లో ఇదే పెద్దది.

స్వయం కోర్సుల క్రెడిట్లను (సబ్జెక్టు పాసైతే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లను) డిగ్రీలోకి తీసుకోవచ్చని, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2016లో నిబంధనలు తెచ్చింది. అప్పట్లో ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం వరకే అనుమతి. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అదే ఏడాది అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. విద్యార్థి పేరున డిజిలాకర్‌తో ముడిపడిన ఖాతా ఒకటి ఉంటుంది, సంపాదించిన క్రెడిట్లు అందులో జమ అవుతాయి. పన్నెండు వారాల కోర్సుకు సాధారణంగా 3 లేదా 4 క్రెడిట్లు వస్తాయి. జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలో ఆనర్స్, మైనర్ డిగ్రీలకు అదనపు క్రెడిట్లు కావాలి కదా, వాటిలో కొంత ఈ కోర్సుల నుంచే తెచ్చుకోవాలని 2020 నియమావళి చెబుతుంది.

మెలిక ఒకటి ఉంది. యూజీసీ అనుమతించింది కాబట్టి మీ కళాశాల తప్పక కలుపుతుందని అర్థం కాదు. ఏ కోర్సు ఏ సబ్జెక్టుకు బదులు అన్నది మీ విశ్వవిద్యాలయమో, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల అయితే దాని అకడమిక్ కౌన్సిలో ముందుగా ఒప్పుకోవాలి. కోర్సు పూర్తి చేసుకుని వచ్చి 'కలపండి' అంటే పరీక్షల విభాగం చేతులెత్తేస్తుంది. చేరకముందే మీ విభాగాధిపతి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు. విభాగాధిపతులు మారుతూ ఉంటారు.

ఆన్‌లైన్ డిగ్రీ అంటున్నారు, అది కూడా ఈ కోర్సుల్లాంటిదేనా?

పూర్తిగా వేరు. కోర్సు ఒక సబ్జెక్టు మాత్రమే. ఆన్‌లైన్ డిగ్రీ నిజమైన డిగ్రీ. దానికి ఫీజు, ప్రవేశ అర్హత, సెమిస్టర్ పరీక్షలు అన్నీ ఉంటాయి. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అదే ఏడాది, రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికీ ఒప్పుకుంది.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కార్యక్రమం మన ప్రాంతపు పిల్లలకు బాగా నప్పుతుంది. జేఈఈ ర్యాంకు అక్కర లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసైతే ప్రవేశం దొరుకుతుంది. పాఠాలు ఇంట్లో వినవచ్చు, పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. మధ్యలో ఆపవలసి వచ్చినా అప్పటిదాకా చదివినదాన్ని బట్టి సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ ఇస్తారు. చివరిదాకా వెళితే నాలుగేళ్ల బీఎస్ డిగ్రీ. ఉచితం కాదు. సులువు అంతకన్నా కాదు.

ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, న్యాయశాస్త్రం డిగ్రీలను ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో ఇవ్వడానికి యూజీసీ అనుమతి లేదు. 'ఇంట్లో కూర్చుని బీటెక్' అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మిగిలిన డిగ్రీల విషయంలో కూడా ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఆ విద్యా సంవత్సరపు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి.

మా అబ్బాయి గల్ఫ్ వెళ్లాలంటున్నాడు. అక్కడ ఈ కోర్సులు పనికొస్తాయా?

వీసాకు పనికిరావు. పనిలో పనికొస్తాయి.

నైపుణ్యం ఉన్న ఉద్యోగాలకు గల్ఫ్ దేశాల వారు అడిగేది అటెస్టేషన్ అయిన డిగ్రీ లేదా డిప్లొమా. రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, తరువాత విదేశాంగ శాఖ ముద్ర, దేశాన్ని బట్టి రాయబార కార్యాలయం ముద్ర. ఈ వరుసలో ఉచిత కోర్సు సర్టిఫికెట్‌కు చోటు లేదు. కువైట్ అయితే ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ ఇంజినీరుగా గుర్తింపు కావాలంటే చదివిన కోర్సుకు సాంకేతిక విద్య నాణ్యతను పరిశీలించే మన ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలని 2018లో నిబంధన పెట్టారు. డిగ్రీ ఉన్నా చదివిన కోర్సుకు ఆ గుర్తింపు లేక ఇబ్బంది పడినవారు ఎందరో. కాబట్టి గల్ఫ్ ఆలోచన ఉన్న ఇంట్లో కళాశాలను ఎంచుకునే రోజునే ఈ సంగతి అడగాలి.

వెళ్లాక ఒక మెట్టు పైకెక్కడానికి, స్టోర్ కీపర్ నుంచి అకౌంట్స్ వైపు మారడానికి, భద్రతా పర్యవేక్షణ నేర్చుకోవడానికి మాత్రం ఈ కోర్సులు ఉపయోగపడతాయి.

మాది రొయ్యల చెరువు, కొంత కొబ్బరి. డిగ్రీ లేదు. మాకు ఇందులో ఏమైనా ఉందా?

నన్ను అడిగితే ఈ కోర్సుల వల్ల నిజంగా లాభపడవలసింది మీరే. మిమ్మల్ని కాగితం అడిగేవారు లేరు. తెలుసుకున్నది సాయంత్రం చెరువు గట్టు మీద పరీక్షకు నిలుస్తుంది.

వ్యవసాయ ఇంజినీరింగ్, నీటి యాజమాన్యం, ఆహార శుద్ధి, పంట కోత తరువాత నిల్వ వంటి అంశాల మీద ఐఐటీ ఖరగ్‌పూర్ అధ్యాపకులు చెప్పిన కోర్సులు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున ఎందుకు పడిపోతుంది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలి, మేత మిగిలితే అడుగున అమ్మోనియా ఎలా పెరుగుతుంది అన్నవి శాస్త్రం తెలిసినవారి నోట వింటే చెరువు మందుల దుకాణంవారు చెప్పిన ప్రతి డబ్బా కొనరు.

కోర్సు ఒక్కటే చాలదు. వనామీ రొయ్యకు వచ్చే తెగుళ్లను తెర మీద చూసి గుర్తుపట్టలేం. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, కేంద్ర మత్స్య విద్యా సంస్థ వారి కేంద్రం ఉంది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ రైతులకు సలహాలు ఇస్తుంది. ముందు కోర్సు వినండి, ఆపై ప్రశ్నలు రాసుకుని వారి దగ్గరికి వెళ్లండి. ఇంట్లో పిల్లలకు ఈ రంగంలో ఉద్యోగమే కావాలంటే మాత్రం ఫిషరీస్ డిగ్రీ వేరే దారి. నర్సాపురంలో దానికోసమే విశ్వవిద్యాలయం పెట్టారు.

పాఠాలు ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మాధ్యమం పిల్లలు ఏమి చేయాలి?

కొన్ని ఎన్‌పీటీఈఎల్ కోర్సుల పాఠ్యాన్ని తెలుగులోకి అనువదించి పెట్టారు. మీకు కావలసిన కోర్సుకు ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఇంగ్లీషు అక్షరాలు కింద కనిపించేలా పెట్టుకుని, వేగం తగ్గించి వినండి. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, తరువాత ఆ అధ్యాపకుడి ఉచ్చారణ చెవికి అలవాటవుతుంది. తరగతిలో అయితే 'అర్థం కాలేదు సార్' అనడానికి బిడియపడే పిల్లలు వీడియోను వెనక్కి తిప్పడానికి బిడియపడరు. ఈ ఒక్క విషయంలో నాకంటే తెరే నయం.

కోర్సులు మొదలుపెడుతున్నాను, కానీ ఒక్కటీ పూర్తి కావడం లేదు. లోపం నాలోనేనా?

ప్రపంచమంతా అంతే. హార్వర్డ్, ఎంఐటీ వారు ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవారిలో పూర్తి చేసినవారు సుమారు 3 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం నమోదైనవారిలో అది 46 శాతం. ఖర్చు పెట్టాక పట్టుదల పుట్టిందా, పట్టుదల ఉన్నవారే ఖర్చు పెట్టారా అన్నది చెప్పలేం. రెండూ కావచ్చు.

ఒకేసారి ఐదు కోర్సుల్లో పేరు నమోదు చేసుకోవడం చెరువులో సీడు (రొయ్య పిల్లలు) వదిలి మేత మరచిపోవడం వంటిది. సెమిస్టర్‌కు ఒక్కటే తీసుకోండి. పరీక్ష రుసుము మొదటే కట్టేయండి. అదే కోర్సులో ఊరివారో, స్నేహితులో ఇంకొకరు ఉండేలా చూసుకోండి. మా కళాశాలలో జంటగా చేరినవారు ఒంటరిగా చేరినవారికంటే ఎక్కువగా పరీక్షదాకా వస్తున్నారు.

జూలై సెమిస్టర్ పరీక్షలు మనకు తుఫాన్ల రోజుల్లో పడతాయి. కరెంటు, నెట్ పోవచ్చు. ఆ వారం పాఠాలను ముందే ఫోనులోకి దించుకోండి. పరీక్ష కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు వాన పడినా బస్సు దొరికే పట్టణాన్ని పెట్టుకోండి. లంక గ్రామాల పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం.

పెళ్లై చదువు ఆగిపోయింది. ఇంట్లో ఉండి చేస్తే విలువ ఉంటుందా?

డిగ్రీ మధ్యలో ఆగి ఉంటే ముందు దాన్ని పూర్తి చేయండి. మిగిలిన సబ్జెక్టులు రాయడానికి ఎంత గడువు ఉందో విశ్వవిద్యాలయంలో అడగండి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాల అయితే రాజమహేంద్రవరం వెళ్లి కనుక్కోవడం ఒక రోజు పని. కొత్తగా మొదలుపెట్టాలంటే దూరవిద్యలో డిగ్రీ ఇచ్చే ఇగ్నో ఉంది. డిగ్రీ ఉండి, ఉద్యోగంలో విరామం వచ్చినవారికైతే ఉచిత కోర్సు బాగా పనిచేస్తుంది. 'ఈ నాలుగేళ్లు ఏమి చేశారు' అన్న ప్రశ్నకు తేదీతో సహా చూపించే జవాబు అవుతుంది.

నర్సాపురం లేసు అల్లేవారు, ఇంట్లో పూతరేకులో పచ్చళ్లో చేసి అమ్మేవారు సర్టిఫికెట్ గురించి ఆలోచించకండి. ధర కట్టడం, లెక్కలు, ఆన్‌లైన్ అమ్మకం నేర్పే కోర్సులు చూసుకోండి.

మోసాలను ఎలా గుర్తించాలి?

'ఉద్యోగం గ్యారంటీ' అన్న మాట కనిపిస్తే అనుమానించండి. ఉచిత కోర్సు అని చేర్చుకుని లాప్‌టాప్ డిపాజిట్ అడిగితే అది మోసమే. ఐఐటీ పేరు పెద్దక్షరాల్లో వేసి, కింద ఏదో విద్యార్థి సంఘం ఒక రోజు నడిపిన శిక్షణకు సర్టిఫికెట్ ఇస్తే దాని విలువ ఆ ఒక రోజంతే. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లను వాట్సాప్‌లో అమ్మేవారూ ఉన్నారు. ఒక సంస్థ మా విద్యార్థులకు పని చేయించకుండానే, గడిచిపోయిన తేదీలు వేసి సర్టిఫికెట్లు పంపింది. డబ్బు కట్టిన తల్లిదండ్రులే ఆ సంస్థను వెనకేసుకొచ్చారు, నాకు అదే ఎక్కువ బాధ.

నిజమైన సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడో, సరిచూసుకునే లింకో ఉంటుంది. దాన్ని తెరిచినప్పుడు విద్యార్థి పేరు, మార్కులు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కనిపించాలి.

నాకు నలభై దాటాయి. పదో తరగతితో ఆపేశాను. ఇప్పుడు చేరనిస్తారా?

స్వయంలో వయసు పరిమితి లేదు, పాత మార్కుల జాబితా అడగరు. ఈ-మెయిల్ ఉంటే ఈ రోజే చేరవచ్చు. డిగ్రీ కూడా కావాలంటే ముందు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యా పీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్ పూర్తి చేయండి. అధ్యయన కేంద్రాలు ఎక్కడ ఉన్నాయో మండల విద్యాశాఖ కార్యాలయంలో చెబుతారు.